పిల్లల పళ్లు పుచ్చకుండా చూసుకోవడం ఎలా?

“పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి.” హైదరాబాద్‌లో ఈ మాట వినపడని ఇల్లు వెతికినా దొరకదేమో. ముందుపళ్ల వరకైతే సరే, ఆరేడేళ్లకు ఊడతాయి. దవడ పళ్ల సంగతి అలా కాదు. మొత్తం 20 పాలపళ్లలో ఎనిమిది దవడ పళ్లే. అవి పదేళ్లు, పన్నెండేళ్లు వచ్చేదాకా నోట్లో ఉండాలి. నాలుగేళ్లకే ఒకటి పుచ్చిందంటే ఇంకో ఆరేడేళ్లు బిడ్డ దాంతోనే నమలాలి. నొప్పి భరించలేక పీకించేస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, లోపలి నుంచి రావాల్సిన శాశ్వత పన్నుకు చోటుండదు. తర్వాత ఎప్పుడో పదమూడేళ్లకు క్లిప్పులు వేయించాల్సి వస్తుంది, ఆ ఖర్చు వేరే.

ఇందులో చాలావరకు మన చేతుల్లోనే ఉంది. దానికి ఖరీదైన పేస్టు అక్కర్లేదు. రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాలు పెద్దవాళ్లు తమ చేత్తో తోమాలి. కింద చెప్పేవాటిలో ఏది కుదరకపోయినా ఇదొక్కటి మాత్రం వదలొద్దు.

పన్ను రాకముందు నుంచే మొదలుపెట్టండి

రాత్రి పాలు తాగించాక, తడిపిన శుభ్రమైన మెత్తటి గుడ్డ వేలికి చుట్టి చిగుళ్లు తుడిస్తే చాలు. దీనివల్ల చిగుళ్లు శుభ్రపడటమే కాదు, నోట్లో వేలు పెడితే బిడ్డ ఏడవకుండా ఉండటం అలవాటవుతుంది. అసలు లాభం అదే, ఏడాది తర్వాత తెలుస్తుంది.

ఆరో నెల దగ్గర్లో, అంటే ఇంచుమించు అన్నప్రాశన వేళకు, మొదటి పన్ను కనిపిస్తుంది. కొంతమందికి పది నెలలు దాటినా రాదు, కంగారు పడక్కర్లేదు. పై పళ్లు ముందొస్తే మేనమామకు గండమని పెద్దవాళ్లంటారు. మేనమామలు నిశ్చింతగా ఉండొచ్చు, ఏ పన్ను ముందు రావాలన్నది బిడ్డను బట్టి మారుతుంది. ఇంకో నమ్మకం మాత్రం ప్రమాదకరం. విరేచనాలు పట్టుకున్నా, ఒళ్లు కాలిపోతున్నా “పళ్లొస్తున్నాయిలే” అని ఊరుకుంటారు. పళ్లు వచ్చేటప్పుడు చొంగ కారుతుంది, చిరాకు పడతారు, దొరికిందల్లా కొరుకుతారు. గట్టి జ్వరం, విరేచనాలు మాత్రం పళ్ల వల్ల రావు. పిల్లల డాక్టరుకు చూపించాల్సిందే.

పేస్టు కొనేటప్పుడు ట్యూబు వెనక చదవండి

మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే బ్రష్ మొదలు. చిన్న తల, మెత్తటి కుచ్చు ఉన్నది తీసుకోండి. మూడు నెలలకో, కుచ్చు విరబోసుకున్నప్పుడో మార్చేయండి.

పేస్టు దగ్గరే అందరూ తికమకపడతారు. షాపులో స్ట్రాబెర్రీ వాసన, మీద బొమ్మ ఉన్న ట్యూబు చూసి తీసుకుంటారు. పిల్లల పేస్టుల్లో కొన్నింటిలో ఫ్లోరైడ్ ఉండదు, కొన్నింటిలో సగమే ఉంటుంది. పళ్లు పుచ్చకుండా ఆపేది ఆ ఫ్లోరైడే. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో పీపీఎం (పది లక్షల భాగాల్లో ఫ్లోరైడ్ ఎన్ని భాగాలో చెప్పే లెక్క) అని ఉంటుంది, అది 1000 దగ్గర ఉండేలా చూసుకోండి. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు బఠానీ గింజంత పెడితే చాలు. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ పొడవునా పిండితే అది పేస్టు అమ్మేవాళ్లకే లాభం.

ఇక్కడ నల్గొండ గుర్తొచ్చి భయపడేవాళ్లు చాలామంది ఉంటారు. మర్రిగూడ, మునుగోడు వైపు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎన్ని తరాల పళ్లనీ ఎముకలనీ పాడు చేసిందో మనకు తెలుసు. ఆ భయం అర్థం లేనిదేమీ కాదు. కానీ అది ఏళ్ల తరబడి తాగే నీళ్ల ద్వారా ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడ్. పేస్టులోది పంటిమీద పనిచేసి, ఉమ్మేస్తే బయటికి పోయేది. లోపల తయారవుతున్న శాశ్వత పళ్లమీద మచ్చలు పడే అవకాశం సుమారు ఎనిమిదేళ్ల వరకు ఉంటుంది. చిన్నపిల్లలు పేస్టు మింగేస్తారు కాబట్టే గింజంత అని అంత గట్టిగా చెప్పేది. జలమండలి మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చే ఇళ్లలో దీని గురించి టెన్షన్ అక్కర్లేదు. శివార్లలో బోరు నీళ్లే తాగుతున్నవాళ్లు మాత్రం ఒకసారి పరీక్ష చేయించుకోండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు.

బొగ్గు, ఉప్పు, ఇటుకపొడి పిల్లల పళ్లకు వద్దు, పైపొర అరిగిపోతుంది. వేపపుల్ల తాతయ్య వాడుకుంటే వాడుకోనివ్వండి.

రాత్రి బ్రష్: మీ చేత్తోనే

పొద్దున పళ్లు తోమకుండా మన ఇళ్లలో పాలు కూడా ఇవ్వరు, ఆ అలవాటు ఉంది. లేనిదల్లా రాత్రిది. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పగలంతా పళ్లను కడిగేది, పుల్లదనాన్ని తగ్గించేది అదే. అది లేనప్పుడు పళ్ల సందుల్లో ఇరుక్కున్న అన్నమో బిస్కెట్టో పట్టుకుని సూక్ష్మక్రిములు తెల్లారేదాకా పని చేసుకుంటాయి.

“మావాడు తనే తోముకుంటాడు” అని నాలుగేళ్ల పిల్లాడి గురించి గొప్పగా చెప్తారు. వాడు చేసేది పేస్టు చప్పరించి ముందు నాలుగు పళ్లమీద గీకడం. చొక్కా బొత్తాలు పెట్టుకుని, బూట్ల లేసులు ముడేసుకునే నేర్పు వేళ్లకు వచ్చేదాకా, అంటే ఏడెనిమిదేళ్ల దాకా, పెద్దవాళ్లు తోమాల్సిందే. పొద్దున వాళ్ల సరదా వాళ్లను తీర్చుకోనివ్వండి, రాత్రి మీరు తోమండి.

ఎలా తోమాలంటే, ఏడాది, రెండేళ్ల పిల్లలైతే మంచం మీద కూర్చుని, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి తల మీ ఒళ్లో పెట్టుకోండి. నోరంతా స్పష్టంగా కనిపిస్తుంది, తల కదలదు. వాష్‌బేసిన్ దగ్గర నిలబెట్టి ఎదురుగా తోమితే సగం పళ్లు మీకు కనపడవు. కాస్త పెద్ద పిల్లలైతే వెనక నిలబడి, వాళ్ల తల మీ పొట్టకు ఆనించి, గడ్డం కొంచెం పైకెత్తండి. ఎడమచేతి చూపుడువేలితో పెదవి పక్కకు తీయండి, అది మీ కిటికీ. బ్రష్‌ను చిగురూ పన్నూ కలిసే చోట కొంచెం వాలుగా పెట్టి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు కదపండి. గట్టిగా రుద్దక్కర్లేదు. మొదట వెనకవైపు దవడ పళ్లు తోమండి, ఓపిక అయిపోయేలోపు అవి అవ్వాలి. చూడ్డానికి అందంగా ఉండే ముందు పళ్లు చివర్లో. నమిలే వైపు గుంటల్లో ముందుకూ వెనక్కూ, నాలుక వైపు లోపలి పక్క కూడా. పై పెదవి మధ్యలో సన్నటి పొర ఒకటి ఉంటుంది, దానికి బ్రష్ తగిలితే మంటెత్తి పిల్లలు మరుసటి రోజు నోరు తెరవరు. అక్కడ మీ వేలు అడ్డం పెట్టండి.

అయ్యాక ఉమ్మించండి, అంతే. లోటాల కొద్దీ నీళ్లతో పుక్కిలిస్తే ఫ్లోరైడంతా కొట్టుకుపోతుంది. మనకిది వింతగా ఉంటుంది, నోరంతా కడుక్కోకపోతే తోమినట్టే అనిపించదు. రెండు వారాల్లో అలవాటైపోతుంది. బ్రష్ తర్వాత నీళ్లు తప్ప ఇంకేమీ వద్దు. “ఒక్క గ్లాసు హార్లిక్స్” కూడా వద్దు, అది ముందే ఇచ్చేయండి.

రెండేళ్ల పిల్లలు గొడవ చేస్తారు. పాట పాడండి, బొమ్మకు కూడా తోమండి, అద్దం ఇవ్వండి. ఏమీ పని చేయని రోజు ఏడుస్తున్నా తోమేయండి. ఏడ్చేటప్పుడు నోరు బాగా తెరుచుకుంటుంది కూడా. పళ్లు ఒకదానికొకటి ఆనుకున్నాక రాత్రిపూట ఆ సందుల్లో ఫ్లాస్ దారం కూడా వేయాలి.

ఎంత తీపి కాదు, ఎన్నిసార్లు

సాయంత్రం నాలుగింటికి ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి నాన్నమ్మ ఇస్తుంది. అయిదింటికి చిప్స్. ఆరింటికి తాతయ్య జేబులోంచి చాక్లెట్. ఏడింటికి జ్యూసు డబ్బా. ఏదీ ఎక్కువేం కాదు, కానీ ప్రతిసారీ పంటిమీద పుల్లదనం తయారై ఓ అరగంట పనిచేస్తుంది. అది తగ్గేలోపు ఇంకోటి పడుతుంది. అంతకంటే అన్నం తిన్నాక ఒకేసారి రెండు లడ్డూలు తినడం పళ్లకు మేలు. తీపి పూర్తిగా మానిపించమని నేను చెప్పను, పండగలూ పుట్టినరోజులూ ఉన్న ఇంట్లో అది జరిగే పని కాదు. వేళకు పెట్టండి, మధ్యలో మంచినీళ్లు ఇవ్వండి. జామకాయ, కీరా, వేయించిన శనగలు, పెరుగు ఉంటే ఇంకా మంచిది. పంటికి అతుక్కునే రస్కు, బిస్కెట్, చిప్స్ చాక్లెట్‌కు ఏమీ తీసిపోవు. కారంగా ఉంటే పళ్లకు ఏమీ కాదనుకోవద్దు.

ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పడమే కష్టం. “చాక్లెట్లు ఇవ్వకండి అత్తయ్యా” అంటే నొచ్చుకుంటారు. “అన్నం తిన్నాక మీ చేత్తోనే ఇవ్వండి అత్తయ్యా, రాత్రి బ్రష్ కూడా మీరే చేయించండి” అని చూడండి. బాధ్యత అప్పజెప్తే మన పెద్దవాళ్ల కంటే గట్టిగా పట్టుకునేవాళ్లు లేరు.

అన్నిటికంటే చెడ్డది నోట్లో పాలసీసాతో నిద్రపోవడం, అందులో పంచదార వేస్తే మరీ. పై ముందుపళ్లు నాలుగూ ఏడాదిన్నరకే గోధుమరంగులోకి మారి అరిగిపోవడం దీనివల్లే. ఏడాది నిండాక సీసా మాన్పించి గ్లాసు అలవాటు చేయండి. ఒక్కసారిగా కుదరకపోతే రాత్రి సీసాలో రోజురోజుకూ నీళ్లు పెంచుతూ పోండి. దగ్గు, జ్వరం సిరప్‌లలో కూడా చాలావాటిలో పంచదార ఉంటుంది, తాగించాక నీళ్లు పట్టించండి.

నెలకోసారి పెదవి ఎత్తి చూడండి

వెలుగులో పై పెదవి ఎత్తండి. చిగురు అంచున సుద్ద రాసినట్టు తెల్లటి గీత ఉందా? పుచ్చు మొదలయ్యేది ఇలాగే. ఈ దశలో ఫ్లోరైడ్‌తో వెనక్కి తిప్పొచ్చు. గోధుమరంగు, నలుపు, గుంట కనిపిస్తే డాక్టరు పని. చిగురుమీద మొటిమలా చీముపొక్కు ఉంటే నొప్పి లేకపోయినా ఆగకండి.

ఆరేళ్ల దగ్గర పిల్లలున్నవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. చివరి పాలపన్ను వెనకాల చడీచప్పుడు లేకుండా కొత్త దవడ పన్ను వస్తుంది. దానికోసం ఏ పన్నూ ఊడదు కాబట్టి చాలామంది అదీ పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండే పన్ను. లోతైన గుంటలుంటాయి, తొందరగా పుచ్చుతుంది. ఆ గుంటల్ని డాక్టరు దగ్గర సీలెంట్ అనే పూతతో మూసేయొచ్చు, నొప్పి ఉండదు, సూది ఉండదు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు, ఎక్కడికి

మొదటి పుట్టినరోజుకల్లా ఒకసారి చూపించాలి. ఏమీ బాగాలేనప్పుడు కాదు, అన్నీ బాగున్నప్పుడు. ఆ తర్వాత ఆరు నెలలకోసారి. పిల్లల పళ్లకు ప్రత్యేకంగా చదివినవాళ్లను పిడోడాంటిస్ట్ అంటారు. ప్రైవేటులో ఖర్చు కష్టమైతే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. పొద్దున్నే వెళ్లండి, ఓపీలో రద్దీ ఉంటుంది.

పళ్లమీద రాసే ఫ్లోరైడ్ పూత, అంటే ఫ్లోరైడ్ వార్నిష్, పూస్తామని డాక్టరు చెప్తే పూయించుకోండి, నిమిషాల్లో అయిపోతుంది. బాగా చిన్నపిల్లల పుచ్చును ఆపడానికి వెండి ఉన్న మందు రాస్తామని చెప్పొచ్చు. అది పుచ్చిన చోటును నల్లగా చేస్తుంది, ముందే అడిగి తెలుసుకోండి. ఇంట్లో మాత్రం “అల్లరి చేస్తే డాక్టరుతో సూది వేయిస్తా” అనడం మానేయండి. అలా బెదిరించిన పిల్లల్ని కుర్చీలో కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు.

పడి పన్ను ఊడితే

పాలపన్ను అయితే తిరిగి పెట్టే ప్రయత్నం చేయొద్దు, లోపలి పన్ను దెబ్బతింటుంది. చిగుళ్లకు శుభ్రమైన గుడ్డ ఒత్తి పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. శాశ్వత పన్ను అయితే తెల్లగా ఉండే పైభాగం పట్టుకోండి, వేరు ముట్టుకోవద్దు, రుద్దొద్దు. మట్టి ఉంటే కొన్ని సెకన్లు నీళ్ల కింద పెట్టండి. వీలైతే అదే గుంటలో తిరిగి పెట్టి గుడ్డ కొరికించి పట్టండి. కుదరకపోతే చల్లటి పాలలో వేసి అరగంటలో డాక్టరు చేతికి అందించండి. పొడి కాగితంలో చుట్టినా, మామూలు నీళ్లలో వేసి ఉంచినా వేరుమీది కణాలు చచ్చిపోతాయి. పిల్లల స్కూలు వాళ్లకు, పీఈటీ సారుకు కూడా ఈ సంగతి ఒకసారి చెప్పి ఉంచండి, పళ్లు ఎక్కువగా ఊడేది ఆటల్లోనే.