పది లక్షల సంతకాలతో యూరోపియన్ కమిషన్‌కు డిమాండ్: యూనియన్ వాళ్ళు దరఖాస్తు చేసే విధానం

యూరప్‌లో కార్మిక సంఘాలంటే సమ్మెలు, బ్రస్సెల్స్ వీధుల్లో ఊరేగింపులే చాలామందికి గుర్తొస్తాయి. ఇవి కాకుండా కాగితం మీద నడిచే అధికారిక దారి ఒకటి ఉంది. దాని పేరు యూరోపియన్ సిటిజన్స్ ఇనిషియేటివ్. పది లక్షల మంది యూరోపియన్ యూనియన్ (ఈయూ) పౌరులు సంతకం చేస్తే, ఫలానా విషయం మీద చట్టం ప్రతిపాదించమని ఈయూ చట్టాల ముసాయిదాలు తెచ్చే యూరోపియన్ కమిషన్‌ను అడగొచ్చు. ఇది 2012 ఏప్రిల్ 1 నుంచి ఉంది. ఇప్పుడు నడుస్తున్న నిబంధనలు మాత్రం 2020 జనవరి 1న అమల్లోకి వచ్చినవి. ఫీజేమీ లేదు.

ఈ దారిలో మొదట గట్టెక్కింది యూనియన్ వాళ్ళే. ప్రభుత్వ సేవల ఉద్యోగుల యూరోపియన్ సమాఖ్య ఎప్సూ, 'రైట్ టు వాటర్' పేరుతో 2012 మేలో నమోదు చేయించింది. నీరు, పారిశుద్ధ్యం మనుషుల హక్కు, నీటి సరఫరాను మార్కెట్ నిబంధనల కిందికి తేవద్దు అన్నది వాళ్ళ డిమాండ్. చివరికి చెల్లిన సంతకాలు 16,59,543.

ఎవరు దరఖాస్తు చేయాలి?

యూనియన్ తన లెటర్‌హెడ్ మీద దరఖాస్తు పెట్టడం కుదరదు. కనీసం ఏడుగురు ఈయూ పౌరులు నిర్వాహకులుగా ఉండాలి. ఆ ఏడుగురూ ఏడు వేర్వేరు సభ్య దేశాల్లో నివసిస్తూ ఉండాలి. ఇక్కడ చూసేది నివాసం. ఏడు దేశాల పాస్‌పోర్టులున్న వాళ్ళందరూ బ్రస్సెల్స్‌లోనే కాపురముంటే దరఖాస్తు చెల్లదు. ఏడుగురు జర్మన్లు ఏడు దేశాల్లో ఉంటే చెల్లుతుంది. యూరోపియన్ పార్లమెంటు సభ్యులను ఈ ఏడుగురిలో లెక్కపెట్టరు.

ఒకరిని ప్రతినిధిగా, ఇంకొకరిని వారికి బదులుగా చూపించాలి. ఏడుగురి పేరు, చిరునామా, జాతీయత, పుట్టిన తేదీలకు రుజువులు జతచేయాలి. యూనియన్ డబ్బు పెట్టొచ్చు, మనుషుల్ని ఇవ్వొచ్చు. కాకపోతే ఒక్కో దాత ఇచ్చింది 500 యూరోలు దాటితే ఆ వివరం బయట పెట్టాలి.

అసలు తలనొప్పి డిమాండ్ రాయడంలోనే

శీర్షికకు 100 అక్షరాలు, లక్ష్యాలకు 1,100, అనుబంధానికి 5,000. ఖాళీలు లెక్కలోకి రావు. ఈయూ 24 అధికార భాషల్లో దేంట్లో రాసినా మిగతా భాషల్లోకి కమిషనే అనువదిస్తుంది. కానీ అడిగింది కమిషన్ అధికార పరిధిలో స్పష్టంగా లేకపోతే నమోదు దగ్గరే ఆపేస్తారు. యూనియన్లకు బాగా ఇబ్బంది పెట్టేది ఇదే. ఎందుకంటే ఈయూ ఒప్పందంలోని 153వ అధికరణం సామాజిక విధానం మీద చట్టాలకు వీలిస్తూనే, ఐదో క్లాజులో వేతనాలు, సంఘం పెట్టుకునే హక్కు, సమ్మె హక్కు, లాకౌట్లను బయట పెట్టేసింది. అంటే యూనియన్ ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడే విషయాలన్నీ అన్నమాట!

ఈ గీత ఎక్కడుందో కనీస వేతనాల డైరెక్టివ్ (సభ్య దేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన ఈయూ చట్టం) గొడవ చూస్తే తెలుస్తుంది. 2022లో వచ్చిన ఆ చట్టాన్ని యూరోపియన్ ట్రేడ్ యూనియన్ కాన్ఫెడరేషన్ సమర్థించింది. స్వీడన్, డెన్మార్క్ యూనియన్లు మాత్రం వ్యతిరేకించాయి. తమ దగ్గర జీతాలు యాజమాన్యంతో ఒప్పందాల్లోనే తేలతాయి, బ్రస్సెల్స్ వేలు పెట్టనక్కర్లేదు అన్నది వాళ్ళ వాదన. డెన్మార్క్ కోర్టుకెక్కింది. 2025 నవంబరులో ఈయూ న్యాయస్థానం చట్టంలో చాలా భాగాన్ని నిలబెట్టి, వేతనాలను నేరుగా తాకే కొన్ని నిబంధనలను కొట్టేసింది.

కాబట్టి 'జీతాలు పెంచాలి' అని రాస్తే లాభం లేదు. పని పరిస్థితులు, కార్మికులకు సమాచారం ఇచ్చి సంప్రదించడం, ఆరోగ్యం, భద్రత వంటి వాటి మీద చట్టం కోరాలి, దానికి ఒప్పందంలోని అధికరణం చూపించాలి. గ్రీస్ అప్పుల మాఫీకి దారి చూపమంటూ 2012లో పెట్టిన దరఖాస్తును చట్టపరమైన ఆధారం లేదని కమిషన్ తిరస్కరించింది. నిర్వాహకులు పై కోర్టు దాకా వెళ్ళినా ఫలితం మారలేదు. మంచి లాయరుకు పెట్టే ఖర్చంటూ ఉంటే అది ఇక్కడే పెట్టాలని నా అభిప్రాయం.

నమోదు మీద నిర్ణయం మామూలుగా రెండు నెలల్లో వస్తుంది. పరిధి విషయంలో అభ్యంతరముంటే కమిషన్ నెలలోపే చెబుతుంది. అప్పుడు దిద్ది మళ్ళీ పంపొచ్చు. కొంత భాగానికే నమోదు ఇవ్వడం కూడా ఉంది.

సంతకాలు

నమోదైన ఆరు నెలల్లోపు సేకరణ మొదలుపెట్టాలి. ఆ తేదీని పది పనిదినాల ముందే కమిషన్‌కు తెలపాలి. గడువు 12 నెలలు. ఆన్‌లైన్‌కు కమిషన్ సొంత వ్యవస్థ ఉచితంగా దొరుకుతుంది, కాగితం ఫారాలూ చెల్లుతాయి.

మొత్తం పది లక్షలు దాటితే సరిపోదు. కనీసం ఏడు దేశాల్లో ఒక్కో దేశానికి పెట్టిన సంఖ్య దాటాలి. యూరోపియన్ పార్లమెంటులో ఆ దేశానికున్న సభ్యుల సంఖ్యను, ఆ పార్లమెంటు మొత్తం సభ్యుల సంఖ్య 720తో గుణిస్తే ఆ అంకె వస్తుంది. జర్మనీకి 69,120, ఐర్లాండ్‌కు 10,080, మాల్టాకు 4,320.

సంతకం చేసేవాళ్ళు నింపే వివరాలు జాతీయతను బట్టి మారతాయి. జర్మన్, ఐరిష్ పౌరులు పేరు, చిరునామా, పుట్టిన తేదీ రాస్తే చాలు. ఇటలీ, స్పెయిన్ వాళ్ళు గుర్తింపు పత్రం నంబరు ఇవ్వాలి. తప్పుగా నింపినవి తనిఖీలో ఎగిరిపోతాయి. రైట్ టు వాటర్ వాళ్ళకు 18 లక్షలకు పైగా వస్తే అందులో లక్షలు అలా పోయాయి. అందుకని లక్ష్యాన్ని పది లక్షల దగ్గర ఆపకూడదు.

గడువు ముగిశాక మూడు నెలల్లో ఫారాలను ఆయా దేశాల అధికారులకు ఇవ్వాలి. తనిఖీకి వాళ్ళకు ఇంకో మూడు నెలలు. చివరి ధ్రువపత్రం అందాక మూడు నెలల్లోపు అన్నీ కమిషన్‌కు చేర్చాలి. అక్కడినుంచి నెలలో నిర్వాహకులతో కమిషన్ భేటీ, మూడు నెలల్లో పార్లమెంటులో విచారణ, ఆరు నెలల్లో కమిషన్ రాతపూర్వక జవాబు.

జవాబు చెప్పడం కమిషన్ బాధ్యత. చట్టం తేవడం బాధ్యత కాదు. 2014 మార్చిలో వచ్చిన జవాబు ఎప్సూకు నిరాశే మిగిల్చింది. అయితే సంతకాలు ఇంకా నడుస్తుండగానే, 2013లో నీటిని కన్సెషన్ల (ప్రభుత్వ సేవల నిర్వహణను కంపెనీలకు అప్పగించే ఒప్పందాల) డైరెక్టివ్ నుంచి తప్పించారు. తాగునీటి డైరెక్టివ్‌ను సవరించింది 2020 డిసెంబరులో.

భారత పాస్‌పోర్టు మీద ఉన్నవాళ్ళు

బెర్లిన్‌లోనో, డబ్లిన్‌లోనో పనిచేస్తూ, యూనియన్ చందా కడుతూ, చేతిలో భారత పాస్‌పోర్టే ఉన్న మన తెలుగువాళ్ళకు ఇందులో సంతకం చేసే హక్కు లేదు. ఎన్నేళ్ళుగా పన్ను కడుతున్నా ఇంతే. జర్మన్, ఐరిష్ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు పెట్టుకున్నవాళ్ళు మాత్రం నిక్షేపంగా చేయొచ్చు.

పౌరసత్వం లేనివాళ్ళకు ఇంకో దారి యూరోపియన్ పార్లమెంటుకు పిటిషన్. ఈయూలో నివసిస్తుంటే చాలు, ఒక్కరైనా వేయొచ్చు. అక్కడ ఆఫీసున్న యూనియన్ తన పేరుతోనే వేయొచ్చు. పేరు, జాతీయత, శాశ్వత చిరునామా రాసి, 24 అధికార భాషల్లో ఒకదాంట్లో పంపాలి. విషయం ఈయూ పరిధిలోదై ఉండాలి, పిటిషన్ వేసినవాళ్ళను నేరుగా తాకేదై ఉండాలి. యజమాని జీతం ఎగ్గొట్టాడన్న ఒక్కరి తగాదా అయితే అది ఆ దేశపు లేబర్ కోర్టులో తేలాల్సిందే.