నిబంధనలు ఉల్లంఘించారని స్టడీ యాప్ అకౌంట్ మూసేసిందా? ముందు చూడాల్సినవి, తర్వాత చేయాల్సినవి

పరీక్షలు దగ్గరపడితే విజయవాడ, గుంటూరుల్లో ఏటా ఇదే వరస. నీట్‌కో, ఈఏపీసెట్‌కో చదివే పిల్లల తల్లిదండ్రులు ఫోన్ తెచ్చి చూపిస్తారు. డబ్బంతా కట్టాం, లోపలికి పోనివ్వడం లేదంటారు. కంపెనీ ఏ కారణం చెప్పిందంటే మాత్రం జవాబుండదు. ఆ ఒక్కటీ చూడకుండా కస్టమర్ కేర్‌తో గంటలకొద్దీ గొడవపడి, ఆఖర్న మా దగ్గరికి వస్తారు.

యాప్ తెరుచుకుంటోంది, కోర్సు కనపడటం లేదు

ఇది రద్దు కాదు. చాలాసార్లు రెండో సిమ్ నంబరుతో లాగిన్ అయి ఉంటారు, యాప్ ఖాళీగా కొత్త అకౌంట్ తెరిచి ఉంటుంది. డబ్బు కట్టిన రసీదు తీసి, అందులో ఉన్న నంబరుతో లాగిన్ అవ్వండి. కోర్సు గడువు ఎప్పటివరకో కూడా ఆ రసీదులోనే చూసుకోండి.

"నిబంధనల ఉల్లంఘన వల్ల అకౌంట్ నిలిపివేశాం" అని వస్తోంది

రిజిస్టర్ చేసిన మెయిల్ తెరవండి. సాధారణంగా అది ఫోన్ కొన్నప్పుడు షాపువాళ్లు నాన్న పేరుతో తెరిచిన మెయిల్. దాన్ని ఇంట్లో ఎవరూ చూడరు. ఇన్‌బాక్స్‌లో లేకపోతే స్పామ్, ప్రమోషన్స్ కూడా వెతకండి. కావలసినవి మూడు: ఏ నిబంధన తప్పామంటున్నారు, ఏ తేదీన తప్పామంటున్నారు, అప్పీలుకు ఎన్ని రోజులిచ్చారు. మెయిలే రాకపోతే అదీ మీకు పనికొచ్చే విషయమే. ముందు చెప్పకుండా ఆపేశారని రాయవచ్చు.

ఒక్కటి మాత్రం దయచేసి చేయకండి. అకౌంట్ తెరిపించుకోవాలన్న తొందరలో చాట్‌లో "సారీ అండి, ఇంకోసారి ఇలా జరగదు" అని టైప్ చేయకండి. చేయని తప్పును మీ చేత్తో ఒప్పుకున్నట్టవుతుంది. రేపు వినియోగదారుల కమిషన్ ముందు కంపెనీ లాయరు మొదట చూపించే కాగితం అదే.

"ఒకరి కంటే ఎక్కువమంది వాడుతున్నారు" అంటున్నారు, మేమెవరికీ ఇవ్వలేదు

అందరూ దెబ్బతినేది ఇక్కడే. "ఎవరికీ ఇవ్వలేదు" అన్న మాట నిజమే, కంపెనీ దగ్గరున్న లెక్కా నిజమే. మధ్యలో ఉన్నది ఓటీపీ.

మన దగ్గర ఇంటర్ పిల్లలు చాలామంది హాస్టళ్లలో ఉంటారు, అక్కడ ఫోన్ ఉండనివ్వరు. ఔటింగ్‌కు ఇంటికొస్తే నాన్న ఫోన్‌లో క్లాసు చూస్తారు. పండక్కి గుంటూరులో పెద్దమ్మ ఇంటికెళ్తే అన్నయ్య ల్యాప్‌టాప్‌లో తెరుస్తారు. లాగిన్ ఓటీపీ నాన్న ఫోన్‌కి వస్తుంది కాబట్టి, "నాన్నా, ఒక నంబరొచ్చింది చెప్పు" అని ఫోన్ చేస్తారు, ఆయన చదివి చెప్పేస్తారు. ఇంట్లోవాళ్ల లెక్కలో వాడింది ఒక్క అమ్మాయే. కంపెనీ సర్వర్ లెక్కలో మాత్రం రెండు ఊళ్లు, బోలెడు డివైస్‌లు. పాత ఫోన్‌ను లాగౌట్ చేయకుండా ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చేసి ఉంటే అదీ జాబితాలోనే ఉంటుంది. కొన్ని యాప్‌లు ఫోన్ రీసెట్ చేసినా కొత్త డివైస్ కిందే లెక్కేస్తాయి.

అకౌంట్ మూసేశాక యాప్‌లో డివైస్‌ల జాబితా చూడలేరు. కానీ ఆ జాబితాకు జాడ నాన్న ఫోన్‌లోనే ఉంటుంది. మెసేజ్‌లలో యాప్ పేరు కొట్టి వెతకండి. ప్రతి ఓటీపీ ఒక లాగిన్ ప్రయత్నం, పక్కనే తేదీ, టైమూ ఉంటాయి. వాటిని వరసగా కాగితం మీద రాసి, ఒక్కోదానికి ఎదురుగా పిల్ల ఆ రోజు ఎక్కడుంది, ఏ ఫోన్ వాడింది రాయండి. హాస్టల్ ఔటింగ్ పాస్, బస్సు టికెట్ ఏది దొరికినా ఫొటో తీసి పెట్టుకోండి. ఓటీపీ మెసేజ్‌లు వాటంతటవే డిలీట్ అయ్యేలా కొన్ని ఫోన్లలో సెట్టింగ్ ఉంటుంది, ముందు దాన్ని ఆపండి.

ఆ కాగితం చేతిలో ఉంటే మెయిల్ సూటిగా రాయవచ్చు: వాడింది ఒక్క విద్యార్థే, ఈ తేదీల్లో ఈ డివైస్‌లలో, ఒకేసారి రెండు చోట్ల వాడలేదు. మీరు ఉల్లంఘన అంటున్నది ఏ డివైస్, ఏ తేదీ, ఏ టైము? అకౌంట్ తెరవండి, లేదా మిగిలిన కాలానికి డబ్బు వాపసు ఇవ్వండి. ఇది యాప్‌లో పేరిచ్చిన గ్రీవెన్స్ ఆఫీసర్‌కే (ఫిర్యాదులు చూసే అధికారి) పంపండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి.

"ఒకే టైమ్‌లో రెండు చోట్ల క్లాసు నడిచింది" అని కంపెనీ రుజువు చూపిస్తే? అప్పుడు అకౌంట్ తెరవమని పట్టుబట్టడం కష్టం. కానీ ఒక్క రోజు తప్పుకు ఏడాది ఫీజంతా మింగేయడం వేరే సంగతి. నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానాను, సరైన కారణం లేకుండా ఒకే పక్షం ఒప్పందాన్ని రద్దు చేసుకునే షరతును 2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయమైన ఒప్పందాల కింద చేర్చింది.

గ్రీవెన్స్ ఆఫీసరూ పలకలేదు

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించండి, వాళ్లిచ్చే డాకెట్ (ఫిర్యాదు) నంబరు రాసుకోండి. అదీ కుదరకపోతే ఈ-జాగృతి అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, "బెంగళూరు కోర్టుల్లోనే" అని షరతుల్లో రాసుకున్నా సరే. కట్టిన ఫీజు 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. గడువు రెండేళ్లు. పిల్లలు మైనర్లయితే తల్లిదండ్రులు వేస్తారు. "చదువు సేవ కాదు" అని ఎవరైనా భయపెడితే, కోచింగ్ సెంటర్లు వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తాయని జాతీయ కమిషన్ 2020లో మను సోలంకి కేసులో చెప్పిందని గుర్తు చేయండి.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. అన్యాయమైన ఒప్పందం అన్న ఫిర్యాదు వినే అధికారం చట్టం రాష్ట్ర కమిషన్‌కు ఇచ్చింది, జిల్లా కమిషన్‌కు కాదు. జిల్లాలో వేసేటప్పుడు సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అని రాసి, డబ్బు వాపసు అడగండి. షరతునే కొట్టేయమని అడిగితే అక్కడే ఇరుక్కుపోతారు.

మిగతావి

టెలిగ్రామ్‌లో సగం ధరకు కొన్న అకౌంట్ అయితే కంపెనీ దగ్గర మీ పేరు మీద బిల్లే ఉండదు. అమ్మినవాడి మీద సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. వీపీఎన్ (ఫోన్ ఏ ఊళ్లో ఉందో దాచే యాప్), పుట్టిన తేదీ తేడా లాంటి కారణాలు అరుదు. పుట్టిన తేదీ తేడా ఆధార్ కాపీ పంపితే సాధారణంగా తేలిపోతుంది. ఫీజు ఈఎంఐలో కడుతుంటే మాత్రం కోపంలో ఆపేయకండి. చాలాసార్లు అప్పిచ్చింది వేరే ఫైనాన్స్ కంపెనీ, కిస్తీ తప్పితే పడేది మీ సిబిల్ స్కోరు. వాళ్లకూ అకౌంట్ మూసేసిన సంగతి మెయిల్‌లో రాసి, ఫిర్యాదు నంబరు జతచేయండి.