ఆఫీసు మెయిల్ పెట్టాక ఫోన్ లాక్ మార్చనివ్వడం లేదా? నా అనుభవం

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆఫీసు ఎక్స్ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ వారి ఆఫీసు మెయిల్ వ్యవస్థ) మెయిల్ కలపగానే స్వైప్, ప్యాటర్న్ రెండూ మసకబారి 'అడ్మిన్ నిలిపివేశారు' అని చూపించింది. పొడవాటి పాస్‌వర్డ్ ఒక్కటే గతి. రీస్టార్ట్, క్యాష్ క్లియర్, యాప్ అన్‌ఇన్‌స్టాల్... ఏదీ కుదరలేదు.

పనిచేసింది ఇది: ముందు సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్లి ఆఫీసు అకౌంట్ తీసేశాను. తర్వాత సెక్యూరిటీలో 'డివైస్ అడ్మిన్ యాప్స్' (ఫోన్‌ని అదుపు చేసే హక్కున్న యాప్‌ల జాబితా) తెరిచి మెయిల్ యాప్‌కి ఆ హక్కు ఆపేశాను. (అక్కడి అనుమతులు ఒకసారి చదవండి, ఫోన్‌లోని మొత్తం డేటా చెరిపేసే హక్కు కూడా ఉంది!) ఆపై స్క్రీన్ లాక్‌లోకి వెళ్తే ప్యాటర్న్ పెట్టుకోనిచ్చింది. మెయిల్ ఇప్పుడు బ్రౌజర్‌లో చూస్తున్నాను. నోటిఫికేషన్లు రావు, ఆదివారాలు అదే హాయి.

మెనూ పేర్లు ఫోన్‌ని బట్టి మారతాయి. మీ ఆఫీసు బ్రౌజర్ లాగిన్‌ని ఒప్పుకోకపోతే ఇది పనికిరాదు. వర్క్ ప్రొఫైల్ (ఫోన్‌లో ఆఫీసు యాప్‌లకి వేరుగా ఉండే భాగం) ఇస్తారేమో ఐటీ వాళ్లని అడగండి, దానికి విడిగా లాక్ పెట్టుకోవచ్చు.