పరిమిత బడ్జెట్‌లో గేమింగ్ డెస్క్‌టాప్: విడిభాగాలను ఎంచుకునే విధానం

గేమింగ్ కోసం కొత్త డెస్క్‌టాప్ కూర్చుకోవాలనుకునేవారిలో చాలామంది ప్రాసెసర్ పేరుతోనే జాబితా మొదలుపెడతారు. డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు ఆ వరుస పనికిరాదు. ఏ ఆటలు ఆడతారు, ఏ రిజల్యూషన్ ఉన్న మానిటర్‌పై ఆడతారు, సెకనుకు ఎన్ని ఫ్రేములు (తెరపై వరుసగా మారే చిత్రాలు) కావాలి అన్న మూడు విషయాలు ముందుగా తేలాలి. 1080పి తెరపై సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు, 1440పి తెరపై 36.9 లక్షలు, 4కె తెరపై దాదాపు 83 లక్షలు ఉంటాయి. పిక్సెళ్లు పెరిగినకొద్దీ గ్రాఫిక్స్ కార్డుపై భారం పెరుగుతుంది గాని ప్రాసెసర్‌పై అంతగా పెరగదు. అదే ఫ్రేముల సంఖ్య పెరిగితే భారం రెండింటిపైనా పడుతుంది. సెకనుకు 60 ఫ్రేములు చాలనుకుంటే ఒక్కో ఫ్రేమును సిద్ధం చేయడానికి 16.7 మిల్లీసెకన్ల వ్యవధి దొరుకుతుంది. 144 ఫ్రేములు కావాలంటే అది 6.9 మిల్లీసెకన్లకు తగ్గిపోతుంది. అందువల్ల పోటీ తరహా షూటింగ్ ఆటలను అధిక ఫ్రేములతో ఆడేవారు ప్రాసెసర్‌ను చిన్నచూపు చూడకూడదు. కథాప్రధానమైన, దృశ్యభారం ఎక్కువగా ఉన్న ఆటలు ఆడేవారు ప్రాసెసర్‌పై మిగిల్చిన ప్రతి రూపాయినీ గ్రాఫిక్స్ కార్డుకు మళ్లించవచ్చు.

మానిటర్‌ను పక్కన పెడితే, మొత్తం ఖర్చులో మూడో వంతు నుంచి సగం వరకు గ్రాఫిక్స్ కార్డుకే కేటాయించడం సమంజసం. కార్డును ఎంచుకునేటప్పుడు పేరు కన్నా ముందు వీడియో మెమరీని చూడాలి. కొత్త ఆటలకు 1080పి వద్ద కూడా 8 జీబీని కనీస పరిమాణంగా భావించాలి. 1440పి కోసమైతే 12 జీబీ లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నది మేలు. మెమరీ చాలనప్పుడు సగటు ఫ్రేముల సంఖ్య బాగానే కనిపించినా ఆట మధ్యమధ్యలో తడబడుతుంది, లేదా వస్తువుల ఉపరితలాలు మసకబారి కనిపిస్తాయి. అందుకే సమీక్షలలో సగటుతో పాటు అతి తక్కువ స్థాయి ఫ్రేముల లెక్కను, అంటే ఒక శాతం కనిష్ఠాన్ని, తప్పక చూడాలి. నా దృష్టిలో సగటు కన్నా అదే ముఖ్యం.

ఒకే పేరుతో వేర్వేరు కార్డులు అమ్ముడవుతాయన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఆర్‌టీఎక్స్ 3050 కార్డు 8 జీబీ, 6 జీబీ రకాలలో దొరుకుతుంది. రెండో దానిలో తగ్గింది మెమరీ ఒక్కటే కాదు, లెక్కలు చేసే కోర్ల సంఖ్య, డేటా రాకపోకలు సాగే మెమరీ బస్ వెడల్పు కూడా తక్కువ. అలాగే కొన్ని చవక కార్డులు మదర్‌బోర్డుతో తక్కువ పీసీఐఈ లేన్ల (కార్డుకు, బోర్డుకు మధ్య డేటా దారుల) ద్వారా మాట్లాడతాయి. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి 4 లేన్లు మాత్రమే ఉన్నందున, దానిని పాత తరం పీసీఐఈ 3.0 బోర్డులో పెడితే వేగం గణనీయంగా పడిపోతుంది. ఇంటెల్ ఆర్క్ బి580 కార్డు 12 జీబీ మెమరీతో ఆకర్షణీయంగా కనిపిస్తుంది గాని, బయాస్‌లో (బోర్డు ప్రాథమిక సాఫ్ట్‌వేర్‌లో) రీసైజబుల్ బార్ సౌకర్యం, అంటే ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి చేరుకునే వీలు, లేని పాత బోర్డులో అది తన సత్తా చూపలేదు. కార్డు ధర ఒక్కటే చూసి కొంటే ఎదురయ్యే చిక్కులు ఇలాంటివే.

ప్రాసెసర్ విషయంలో 6 కోర్లు, 12 థ్రెడ్లు (ఏకకాలంలో నడిచే పనుల వరుసలు) ఉన్నది బడ్జెట్ గేమింగ్‌కు సరిపోతుంది. ఏఎండీ రైజెన్ 5 5600, ఇంటెల్ ఐ5 12400ఎఫ్ ఈ కోవకు చెందినవి. వీటిని దాటి 8 లేదా 12 కోర్ల వైపు వెళ్లవలసిన అవసరం ఆటల కోసం అరుదుగానే వస్తుంది; వీడియో ఎడిటింగ్ వంటి పని కూడా ఉంటే అది వేరే లెక్క. ఇక్కడ కూడా పేర్లు తికమకపెడతాయి. రైజెన్ 5 5600లో 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన చిన్న మెమరీ), పీసీఐఈ 4.0 ఉండగా, 5600జి, 5500 రకాలలో 16 ఎంబీ క్యాష్, పీసీఐఈ 3.0 మాత్రమే ఉన్నాయి. ఆటలలో క్యాష్ ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి, విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనేవారు 5600నే ఎంచుకోవాలి. ఇంటెల్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే ఆ ప్రాసెసర్‌లో అంతర్గత గ్రాఫిక్స్ ఉండదు. కార్డు పాడైన రోజున తెరపై ఏమీ రాదు.

మదర్‌బోర్డును ఎంచుకోవడమంటే సాకెట్‌ను (ప్రాసెసర్ కూర్చునే గూడును), దానితో పాటు ర్యామ్ రకాన్ని ఎంచుకోవడమే. 2016లో పరిచయమైన ఏఎండీ ఏఎం4 సాకెట్ డీడీఆర్4 ర్యామ్‌తో చవకగా పని పూర్తిచేస్తుంది. కానీ దాని దారి దాదాపు ముగిసింది. 2022లో వచ్చిన ఏఎం5 డీడీఆర్5తోనే పనిచేస్తుంది, కొంత ఖరీదెక్కువ, అయితే తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వెసులుబాటు ఇస్తుంది. ఇంటెల్ ఎల్‌జీఏ 1700లో బోర్డును బట్టి డీడీఆర్4 గాని డీడీఆర్5 గాని పడుతుంది, రెండూ ఒకే బోర్డులో సాధారణంగా పట్టవు. రెండు మూడేళ్లలో భాగాలు మార్చుకునే ఉద్దేశం ఉంటే ఏఎం5కు మొగ్గాలి. ఇప్పుడు కూర్చి చాలాకాలం కదపకుండా వాడుకునేవారికి ఏఎం4లో మిగిలిన డబ్బు మెరుగైన కార్డుగా మారుతుంది. బోర్డుపై మెరిసే దీపాలకు డబ్బు పెట్టడం కన్నా, ప్రాసెసర్‌కు విద్యుత్తు అందించే భాగంపై హీట్‌సింక్ ఉందా, ర్యామ్ స్లాట్లు నాలుగున్నాయా అని చూడడం వివేకం.

ర్యామ్ 16 జీబీ కనీసం, 32 జీబీ సౌఖ్యం. ఏదైనా ఒకే పలకగా కాకుండా రెండు పలకల జతగా కొనాలి. అప్పుడే డ్యూయల్ చానెల్ పనిచేసి మెమరీ బ్యాండ్‌విడ్త్ రెట్టింపవుతుంది. డీడీఆర్4 అయితే 3200, డీడీఆర్5 అయితే 6000 వేగం ఖర్చుకు తగిన ఫలితమిస్తాయి. నిల్వకు పీసీఐఈ ద్వారా పనిచేసే 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ చాలు. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, పీసీఐఈ 4.0 రకాలు 7000 ఎంబీ వరకు చదువుతాయి. అయినా ఆట లోడయ్యే సమయంలో తేడా ఈ అంకెలు సూచించినంత ఉండదు. కాబట్టి అత్యంత వేగవంతమైన దాని కోసం అదనంగా చెల్లించనవసరం లేదు.

పొదుపు చేయకూడని భాగం పవర్ సప్లై. ఎంత వాట్ అన్నది లెక్కించడం సులువే: 165 వాట్ల ఆర్‌ఎక్స్ 7600 కార్డు, 65 వాట్ల శ్రేణి ప్రాసెసర్, మిగతా భాగాలు కలిపినా 300 వాట్ల చుట్టుపక్కలే ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు క్షణకాలం ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తును లాగుతుంది కాబట్టి 550 వాట్లది తీసుకుంటే నిశ్చింత. పెట్టెపై ఉన్న 80 ప్లస్ ముద్ర విద్యుత్తు ఎంత వృథా కాకుండా మారుతుందో మాత్రమే చెబుతుంది; లోపలి కెపాసిటర్ల నాణ్యత గురించి, ఓవర్ కరెంట్, షార్ట్ సర్క్యూట్ వంటి ప్రమాదాల నుంచి రక్షణ గురించి అది హామీ ఇవ్వదు. ఆ మోడల్‌ను విప్పి పరీక్షించిన సమీక్షలను చదవాలి, వారంటీ కనీసం ఐదేళ్లు ఉన్నదానిని తీసుకోవాలి. ఒక కంపెనీ మాడ్యులర్ (కేబుళ్లు విడదీయగల) సప్లైకి వచ్చిన కేబుళ్లను మరో కంపెనీ సప్లైకి ఎన్నడూ తగిలించకూడదు. కనెక్టర్ సరిగ్గా పట్టినా లోపలి తీగల వరుస వేరుగా ఉండి డ్రైవులు కాలిపోయే ప్రమాదం ఉంది.

క్యాబినెట్‌కు ముందువైపు గాజు పలక కాకుండా జాలీ ఉండాలి, కార్డు పొడవు అందులో పట్టాలి. 65 వాట్ల ప్రాసెసర్‌కు పెట్టెలో వచ్చే కూలర్ సరిపోతుంది, కాస్త శబ్దం చేస్తుంది అంతే. బడ్జెట్ మరీ బిగుతుగా ఉంటే గ్రాఫిక్స్ కార్డును సెకండ్‌హ్యాండ్‌లో కొనవచ్చు. కొనేముందు అరగంట సేపు భారీ ఆటను నడిపించి, తెరపై చుక్కలు, గీతలు రావడం లేదని చూసుకోవాలి. పవర్ సప్లైని, హార్డ్ డిస్క్‌ను మాత్రం కొత్తవే కొనాలి.

కూర్చడం పూర్తయ్యాక, పెట్టిన డబ్బుకు ఫలితం దక్కాలంటే మూడు పనులు మిగిలి ఉంటాయి. మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాలి. బయాస్‌లో, ర్యామ్‌ను దాని ప్రకటిత వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ప్రొఫైల్‌ను ఎంచుకోవాలి. లేకపోతే 3200 వేగంతో కొన్న ర్యామ్ 2133 లేదా 2400 దగ్గరే పనిచేస్తూ ఉంటుంది. 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నవారు విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటును తామే మార్చుకోవాలి, ఎందుకంటే అది తరచు 60 దగ్గరే ఉండిపోతుంది.