స్కానర్‌లో ఒకే ఫ్రీక్వెన్సీ, ఏ కొండ మీద రిపీటరో తెలియాలంటే

అమెరికాలో వైల్డ్‌లైఫ్ ఆఫీసర్ల వీహెచ్‌ఎఫ్ రేడియోను స్కానర్‌లో (ఛానళ్లను వరసగా వెతికి వినిపించే రిసీవర్‌లో) వినేవాళ్లకు తెలిసిన చిరాకే ఇది. దూరదూరంగా ఉన్న రెండు మూడు రిపీటర్లు (సిగ్నల్‌ను అందుకుని దూరానికి మళ్లీ పంపే కొండమీది పరికరాలు) ఒకే ఫ్రీక్వెన్సీ వాడుతుంటే, వినిపించే గొంతు ఏ కొండ నుంచి వస్తోందో తెలియదు.

వాటిని విడదీసేది టోన్: మాటతో పాటు వచ్చే, మనకు వినబడని సన్నని ధ్వని; ఒక్కో రిపీటర్‌ది ఒక్కో అంకె (హెర్ట్జ్‌లో) కావచ్చు. మొదట ఆ ఫ్రీక్వెన్సీని స్కానర్‌లో టోన్ సెర్చ్‌లో (వచ్చిన టోన్‌ను కనిపెట్టి చూపే పద్ధతిలో) పెట్టి వారం రోజులు వదిలేయండి. మాట వచ్చినప్పుడల్లా తెరమీద 103.5 లాంటి అంకె మెరుస్తుంది. దాన్నీ, మాటల్లో వినబడిన ఊరి పేరునూ కాగితం మీద రాసుకోండి. ఒక్కసారి కనిపించిన అంకెను నమ్మొద్దు, మూడుసార్లయినా రావాలి. మాట మరీ పొట్టిగా ఉంటే స్కానర్ పక్క టోన్ చూపిస్తుంది (నేను 151.4ను 146.2 అనుకుని రెండ్రోజులు పోగొట్టుకున్నా). తర్వాత అదే ఫ్రీక్వెన్సీని ఒక్కో టోన్‌తో ఒక్కో ఛానల్‌గా వేసి, కొండ పేరు పెట్టుకోండి.

టోన్ లేకుండా ఇంకో ఛానల్ కూడా వేసి, లాకౌట్‌లో (స్కానర్ దాటేసి వెళ్లేలా) ఉంచండి. కొన్ని రిపీటర్లు టోన్‌ను లోపలికి తీసుకుంటాయే కానీ బయటికి పంపవు. అలాంటి చోట టోన్ పెట్టిన ఛానల్ మూగబోతుంది, ఈ కిటుకు పనిచేయదు; అప్పుడు టోన్ లేని ఛానల్‌కు లాకౌట్ తీసి వినాలి. పీ25 అనే డిజిటల్ రేడియో పద్ధతికి మారినచోట టోన్ బదులు, అదే పని చేసే ఎన్‌ఏసీ కోడ్ చూడాలి. ఎన్‌క్రిప్షన్ ఉంటే వదిలేయడమే.

కారులో స్కానర్ పెట్టుకోవడం మీద కొన్ని రాష్ట్రాల్లో ఆంక్షలున్నాయి, ముందే చూసుకోండి.