పాత గ్రామఫోన్ రికార్డుల వేలం, నాలుగో పాఠం: శానిటైజర్ గొడవ, మైకుసెట్టు పెట్టె, ఆ తర్వాతే పాట

ఈసారి వేలంలో పాట ఎలా పాడాలో చెబుతానని మాటిచ్చాను. చెబుతాను గానీ అది చివరికి పోయింది. మూడో పాఠం చదివి లాట్లు (వేలంలో ఒకే పాటకు కలిపి పెట్టిన సరుకు) చూడ్డానికి వెళ్ళినవాళ్ళ ఉత్తరాలు వచ్చాయి. అవి చదివాక, పాటకంటే ముందు తేల్చాల్సిన లెక్కలు చాలానే ఉన్నాయనిపించింది.

మొదట గూడూరు మాస్టారి సంగతి. నెల్లూరులో ఒక పాత ఇంటి సామాను వేలం. ముందురోజు సరుకు చూసుకోనిచ్చారు. మాస్టారు జేబులోంచి శానిటైజర్ తీసి, రుమాలు మీద నాలుగు చుక్కలు వేసి, ఒక కొలంబియా కంపెనీ 78ని (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డును) తుడిచారట. రుమాలుకి నల్లగా అంటిందట. అబ్బో ఎంత మురికో అనుకుని ఇంకాస్త గట్టిగా రుద్దారట. ఆరాక చూస్తే నిగనిగలాడాల్సిన చోట అరచేయంత మసక మచ్చ. వేలంవాళ్ళు చూసి కేకలేశారు. ఆ సాయంత్రం ఇంకెవర్నీ పెట్టె ముట్టుకోనివ్వలేదు.

మాస్టారూ, రుమాలుకి అంటింది మురికి కాదండీ, రికార్డే.

టేకు తలుపులకు చేతి పాలిష్ పెట్టే వడ్రంగి పని ఎప్పుడైనా గమనించారా? చపడా అని లక్క పెచ్చులు కొంటాడు. రాత్రి స్పిరిట్‌లో వేసి మూత పెడతాడు. తెల్లారేసరికి అవి కరిగి తేనెరంగు ద్రవమైపోతాయి. 78 రికార్డును పట్టి ఉంచే బంక కూడా ఆ లక్కే. మోదుగ, రేగు లాంటి చెట్ల మీద లక్కపురుగు పెట్టే జిగురు అది. దాంట్లో పలకరాయి పొడి, సున్నపురాయి పొడి లాంటివి, నల్లరంగు కలిపి, వేడి మీద అచ్చులో నొక్కుతారు. మనకు దొరికేవాటిలో చాలావరకు కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అలా నొక్కినవే. పలకరాయి ఉన్న వస్తువు కిందపడితే ఏమవుతుందో మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. స్పిరిట్ తగిలితే ఏమవుతుందో మాత్రం చెప్పాల్సి వస్తోంది. వడ్రంగి కావాలని చేసే పనిని మీరు రికార్డు మీద చేస్తున్నారు.

స్పిరిట్ అనగానే ఆస్పత్రి స్పిరిట్ ఒక్కటే అనుకోకండి. శానిటైజర్‌లో ఉండేది ఆల్కహాలే. కళ్ళద్దాలు తుడుచుకునే తడి కాగితాల్లోనూ చాలావాటిలో అదే. కొన్ని అద్దాల క్లీనర్లలో, లాప్‌టాప్ తెర తుడిచే ద్రవాల్లో ఉంటుంది. సెంటులో ఉంటుంది. ఒంగోలు నుంచి ఒకమ్మాయి, ‘హోమియో చుక్కలు పడితే పరవాలేదా సార్’ అని అడిగింది. పరవా ఉందమ్మా, అదీ ఆల్కహాలే. అసలు రికార్డు పక్కన హోమియో సీసా ఎందుకుందో నాకు అర్థం కాలేదు.

ఈ గందరగోళం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసు. యూట్యూబులో తెల్లవాళ్ళు స్పిరిట్ కలిపిన నీళ్ళతో రికార్డులు కడగటం చూశారు. వాళ్ళు కడిగేది ఎల్పీ, అంటే ఒక్కోవైపు ఎక్కువసేపు పాడే రికార్డు. అది వినైలు, ప్లాస్టిక్. అమెరికాలో కొలంబియా కంపెనీ ఎల్పీని 1948లో తెచ్చింది. మన దగ్గర 78లు మాత్రం 1960ల చివరిదాకా ఎల్పీల పక్కనే నడిచాయి. అందుకని ‘ఇది 1960ల పాట, కాబట్టి వినైలే’ అనే లెక్క పనికిరాదు. పాట వయసు చూడొద్దు, వస్తువును చూడండి. 78 చేతికి బరువుగా తగులుతుంది, వంగదు. గోటితో తడితే పింగాణీ పళ్ళెంలా టింగుమంటుంది, వినైలు టప్పుమంటుంది. 78 గాడి (సూది నడిచే గీత) ఎల్పీ గాడికి దాదాపు మూడింతలు వెడల్పు, మామూలు కంటికే తెలుస్తుంది. అనుమానం తీరకపోతే 78 కిందే జమ కట్టండి.

78కి కావాల్సింది చల్లటి డిస్టిల్డ్ వాటర్, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క, మెత్తటి గుడ్డ. లేబుల్ తడపకుండా తుడిచి, వెంటనే ఆరబెట్టాలి, నానబెట్టకూడదు. అదీ ఇంటికి తెచ్చాక. సరుకు చూసే రోజు పరాయి సొత్తు మీద ఆ నీళ్ళు కూడా వద్దు. పొడిగుడ్డతో దుమ్ము విదిలించడానికైనా అడిగి చెయ్యండి.

ఇక చీలికలు. వెంట్రుకవాసి చీలిక ఉన్న 78 పెడితే నిమిషానికి 78 సార్లు టక్కుమంటుంది. కంటికి కనబడకపోవచ్చు. అంచు చుట్టూ గోరు మెల్లగా నడిపించండి, చీలిక ఉన్నచోట గోరు తట్టుకుంటుంది. నేను ఇంకోటి కూడా చేస్తాను. కింద తువ్వాలు పరిచి, మధ్య కన్నంలోంచి నూలుదారం దూర్చి, రికార్డును బెత్తెడెత్తు లేపి వేలి కణుపుతో తడతాను. మంచిదైతే మోత సాగుతుంది, చీలికుంటే గరగరమని చచ్చిపోతుంది. చాలామంది వేలంవాళ్ళు దీన్ని ఒప్పుకోరు. ఒప్పుకోనిచోట ఆ లాట్‌లో పావువంతు చీలినవే అని లెక్కేసుకుని ధర తగ్గించుకుంటాను. ఈ పావువంతు నా అలవాటు లెక్క, శాస్త్రమేం కాదు.

ఇప్పుడు కావలి తమ్ముడి మైకుసెట్టు పెట్టె. పల్లెల్లో పెళ్ళిళ్ళకు, తిరనాళ్ళకు పాటలు వేసిన మైకుసెట్టువాళ్ళ సరుకు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంకా బాగానే బయటికొస్తోంది. రేకుపెట్టె, లోపల నిలువుగా అరవై పైచిలుకు రికార్డులు. తమ్ముడు పైనున్న రెండు తీసి చూశాడు, లేబుళ్ళు కొత్తగా ఉన్నాయి, మొత్తం పెట్టె పాడేసుకున్నాడు. ఇంటికెళ్ళి వేస్తే అన్నీ వర్షమే, పాట మీద వాన కురిసినట్టు చప్పుడు. టంగుటూరు పొగాకు వేలాల్లో బేలు మధ్యలోంచి ఆకు లాగి చూడందే ధర చెప్పని ఊళ్ళవాళ్ళం మనం. రికార్డుల పెట్టె దగ్గర ఆ తెలివి ఎటుపోతుందో!

లేబుల్ కొత్తగా ఉంటే గాడి కొత్తగా ఉన్నట్టు కాదు. సూది లేబుల్ మీద తిరగదు కదా. లేబుల్‌లో చూడాల్సింది కన్నం చుట్టూ ఉన్న సన్నటి గీతలు. రికార్డును ప్లేయరు పళ్ళెం మీద పెట్టేటప్పుడు మధ్య కడ్డీ కోసం తడుముతూ చేసిన గీతలవి. కాలిజాడలా గజిబిజిగా ఉంటే రికార్డు బాగా తిరిగిందని అర్థం. తర్వాత ఫోను టార్చిని పక్కనుంచి, దాదాపు రికార్డుకు సమాంతరంగా పడుకోబెట్టి వెయ్యండి. పైనుంచి వేస్తే ప్రతి రికార్డూ అందంగానే ఉంటుంది. అరిగిన గాడి నలుపు పోయి బూడిదరంగులోకి దిగుతుంది. ముందుగా గొంతు ఎత్తుకునే చోట్ల, వాద్యాలు హోరెత్తే చోట్ల బూడిద తేలుతుంది. అంచున సూది దించే చోట తెల్లటి పట్టీ ఉంటే మైకుసెట్టు కుర్రాడు చీకట్లో సూది విసిరేవాడన్నమాట.

లేబుల్ మీద పెయింటుతో షాపు పేరు, సుద్దముక్కతో వరస నంబరు ఉంటాయి. వాటికి భయపడకండి. నాకవి ఇష్టం కూడా, ఆ రికార్డు ఏ ఊరి పెళ్ళిళ్ళు చూసిందో చెబుతాయి. ఇంకో సంగతి తమ్ముడు చూడలేదు. మైకుసెట్టువాడు జనం అడిగిన పాటే వేస్తాడు. అడిగినవైపు అరిగి బూడిదైపోయినా, రెండోవైపు ఒక్కోసారి నల్లగా, తళతళలాడుతూ మిగిలి ఉంటుంది. తమ్ముడూ, ఆ పెట్టె పారేయకు. ఒక్కొక్కటీ తిరగేసి టార్చి వేసి చూడు.

నేను సినిమా ఎల్పీల జోలికి పెద్దగా పోను. నాకు కావాల్సింది నాటకం పద్యాల సెట్లు. పది అంగుళాల 78లో ఒకవైపు మూడు నిమిషాలకు మించి పట్టదు కాబట్టి నాటకాన్ని ముక్కలు చేసి నాలుగైదు రికార్డుల మీద ఎక్కించేవాళ్ళు. సెట్టు అని చెప్పి అమ్మేవాటిలో మధ్యదొకటి లేకపోవడం మామూలు. లేబుల్ మీది నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూడండి. కంపెనీ హెచ్‌ఎంవీ అయితే చాలావాటికి ఎన్, కొలంబియాకు జీఈ, ట్విన్‌కు ఎఫ్‌టీ అనే అక్షరాలు నంబరు ముందుంటాయి. ఎల్పీల్లో ఈఏఎల్పీ, ఈసీఎల్పీ అని ఉంటే మోనో, ఈఏఎస్డీ, ఈసీఎస్డీ అని ఉంటే స్టీరియో. ఇంతకంటే ఇప్పుడు అక్కర్లేదు.

లేబుల్ మీద హెచ్‌ఎంవీ కుక్కబొమ్మ చూసి పాతదని మురిసిపోకండి. 1980ల ఎల్పీల మీద కూడా అదే కుక్క అదే గొట్టం ముందు కూర్చుని ఉంటుంది. ‘1960 నాటి బాలు రికార్డు’ అని ఒక లాట్ చీటీలో రాసుందని నెల్లూరు మూలపేట నుంచి ఒకరు ఫొటో పంపారు. బాలసుబ్రహ్మణ్యం పుట్టిందే 1946లో, తొలి సినిమా పాట పాడింది 1966 డిసెంబరులో. చీటీలో తేదీ రాసినవాడికి ఆ సంగతి తెలియదో, తెలిసే రాశాడో మనకనవసరం. అలాంటి చీటీ ఒకటి కనబడితే మిగతా చీటీలూ నమ్మొద్దు.

మనవాళ్ళ రికార్డంటే మనసు లాగుతుంది, అందులో తప్పులేదు. నెల్లూరు హాల్లో బాలు, ఒంగోలులో భానుమతి రాగానే ధర ఎగరడం చూశాను. భానుమతి పుట్టిన దొడ్డవరం ఒంగోలు పక్కనే కదా, మన ఊరావిడ అని పంతానికి పాడతారు. అవే రికార్డులు వేరే ఊళ్ళో చౌకగా పోతాయి. ఆమెవి కావాలంటే నేను ఒంగోలులో పాడను.

సరే, పాట. ధర పాట రోజు కాదు, సరుకు చూసిన రోజు రాత్రే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. లాట్‌లో నలభై ఉన్నాయనుకుందాం. మీరు నిజంగా ఉంచుకునేవి ఆరు. ఒక్కోటి మూడొందలు పెట్టొచ్చనిపించింది, మొత్తం 1,800. మిగతా ముప్ఫైనాలుగు విలువ సున్నా. ‘వాటిని అమ్ముకోవచ్చులే’ అనుకున్నారంటే మీ ఇల్లు కూడా మైకుసెట్టు గోడౌనే. ఆటో ఖర్చు 150 తీసేస్తే 1,650. వేలంవాళ్ళ కమీషన్ పాడిన ధర మీద 15 శాతం, ఆ కమీషన్ మీద జీఎస్టీ 18 శాతం అనుకుంటే, మీరు 1,400కు పాడితే కమీషన్ 210, పన్ను 37.80, కలిపి 1,647.80. అంటే మీ చివరి పాట 1,400. షరతుల కాగితంలో ఈ శాతాలు వేరేగా ఉండొచ్చు, సరుకు మీద విడిగా పన్ను ఉండొచ్చు. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అనే మాటైతే తప్పక ఉంటుంది. పాడాక చీలిక కనబడిందంటే ఎవరూ వినరు. ధరావతు ఎంత, ఓడితే ఎప్పుడు తిరిగిస్తారు అన్నది కూడా అక్కడే చదువుకోండి.

ఆ 1,400 అంకెను చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. హాల్లో ముందు కుర్చీ వద్దు, వెనక తలుపు పక్కన నిలబడండి. ఎవరు ఎవరి మీద పాడుతున్నారో అక్కణ్ణుంచే కనబడుతుంది. ‘రెండోసారి’ అన్నాక మొదటిసారి చెయ్యెత్తడం నా పద్ధతి. ‘1,450 అంటే యాభయ్యేగా’ అనే గొంతు మీ లోపల లేస్తుంది. అప్పుడు బయటికెళ్ళి టీ తాగండి.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టమే. కనీసం ముప్ఫై రికార్డులున్న లాట్ ఒకటి ఎంచుకోండి. ప్రతి రికార్డుకూ రెండు వైపులా విడివిడిగా రాయాలి: నంబరు, బూడిద ఎక్కడ మొదలైంది, కన్నం చుట్టూ గీతలు, చీలిక, మీ ధర. అంటే అరవై వరసలు. తర్వాత పాటకు వెళ్ళండి, డబ్బు తీసుకెళ్ళకండి. ఎవరు ఏ అంకె దగ్గర ఆగారో రాసుకోండి. ఇలా వరసగా రెండు వేలాలు. చెయ్యెత్తితే మళ్ళీ మొదట్నుంచి. దగ్గర్లో వేలాలు లేనివాళ్ళు ఊళ్ళో పాత మైకుసెట్టు ఇంటికెళ్ళి పెట్టె చూపించమని అడగండి. మా వైపు కాదనరు, కాఫీ కూడా ఇస్తారు. గూడూరు మాస్టారు మాత్రం శానిటైజర్ ఇంట్లో వదిలి వెళ్ళాలి.

గెలిచిన సరుకును ఎండలో ఇంటికి చేర్చడం వచ్చే పాఠం. ఈలోగా ఎవరైనా గెలిస్తే, రికార్డుల్ని ఒకదానిమీదొకటి పడుకోబెట్టకుండా నిలువుగా పెట్టి, సందుల్లో తువ్వాళ్ళు కూరండి. దారిలో టీకి ఆగితే ఒకరు కారు దగ్గరే ఉండి అద్దాలు దించి ఉంచాలి.