ప్రసంగం నేర్చుకుందాం – 7వ పాఠం: ‘శ్రీసభ చెబుతోంది’ అనే ముందు

ఆరో పాఠం చివర నేనిచ్చిన అభ్యాసం కొంప ముంచింది. ‘శ్రీసభ (కతోలిక సంఘం) బోధనల్లో మీకు మింగుడుపడనిది ఒకటి తీసుకుని మూడు నిమిషాలు మాట్లాడండి’ అన్నాను, ఎక్కడ మాట్లాడాలో చెప్పలేదు. తప్పు నాదే. ఒకాయన విశాఖ జ్ఞానాపురంలో జపమాల ప్రార్థన అయ్యాక మైకు పట్టుకుని విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే స్థానిక సంఘం) హాలు అద్దె పెంచడం మీద మాట్లాడి, ‘నేను శ్రీసభను ధిక్కరిస్తున్నాను’ అని ముగించాడట. గాజువాక నుంచి ఒకమ్మ రాసింది, గుళ్లో పొద్దుటి పూజ (మాస్) వేళ మార్చొద్దు అన్నందుకు పక్కింటావిడ ‘నీకు విశ్వాసం పోయింది’ అందట. ఇద్దరు కుటుంబ నియంత్రణ మీద మాట్లాడి ఇంట్లో మాటల్లేకుండా ఉన్నారు, ఆ వివరాలు వద్దు.

అందుకని ఈ వారం చెబుతానన్న ఉపమానాల పాఠం వాయిదా. వాక్యం ఎంచుకోవడం, గొంతు సవరించుకోవడం మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

హాలు అద్దె మీద గొడవ ధిక్కారం కాదండీ. హాలు అద్దె మీద గొడవ, అంతే. కానీ ఆయన్ని ఏమనగలను, మనలో సగం మంది ప్రసంగాలు ‘శ్రీసభ చెబుతోంది’ అన్న మాట మీదే నడుస్తాయి, చెప్పింది విశ్వాససత్యమా, నియమమా, ఫాదర్ గారి ఇష్టమా, మన అమ్మమ్మ అలవాటా అని ఎవరూ చూడరు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను.

ఉపదేశిగా (ఫాదర్ గారి తరఫున ప్రార్థనలు నడిపి, బోధించే మనిషిగా) ఉన్న రోజుల్లో ఒక ఇంట్లో రాత్రి జాగరణ ప్రార్థన. పోయినాయన దహనం కోరుకున్నాడని కొడుకు అన్నాడు. నేను వాక్యం చెబుతూ, అందరి ముందూ, ‘శ్రీసభ ఒప్పుకోదు బాబూ’ అనేశాను. ఆ అబ్బాయి తల దించుకుని బయటికెళ్లి కూర్చున్నాడు. పొద్దున్న ఫాదర్ గారు వచ్చి, ‘ఒప్పుకోదని ఎవరు చెప్పారు?’ అని అడిగారు. అందరూ నా వైపు చూశారు. నా చేతిలో టీ గ్లాసు, తాగాలో కింద పెట్టాలో తెలియలేదు.

సంగతేంటంటే, 1917 నాటి శ్రీసభ చట్టంలో దహనం మీద నిషేధం ఉండేది, 1963లో రోము (పోపుగారి కార్యాలయం) దాన్ని సడలించింది. పాతిపెట్టడమే మేలని ఇప్పటికీ అంటుంది గానీ, పునరుత్థానాన్ని కాదనే ఉద్దేశంతో చేస్తే తప్ప దహనానికి అడ్డు చెప్పదు. అయితే బూడిద సముద్రంలో కలపొద్దని 2016లో మరో పత్రం వచ్చింది, మన ఊరి వాళ్లకి ఇది తెలియాల్సిందే. ఇక ఆదివారం పూజలో మనం ఒప్పుకునే మృతుల పునరుత్థానం ఉందే, అది ఏ పత్రంతోనూ మారేది కాదు. చూశారా, ఒక్క చావింట్లో ఎన్ని మెట్లో. మారనిది, మారిన నియమం, ‘ఇది మేలు’ అన్న సలహా, ఇప్పటికీ ఉన్న నిషేధం. నేను అన్నీ కలిపి ఒకే ముద్ద చేసి ఆ అబ్బాయి నెత్తిన కొట్టాను.

ఇంకో ఉదాహరణ, గురువుల (ఫాదర్ల) బ్రహ్మచర్యం. అది మన లాటిన్ సంప్రదాయంలో నియమం, తూర్పు కతోలిక సంఘాల్లో కొన్నిట్లో పెళ్లైన గురువులు ఉన్నారు. కాబట్టి దాని మీద చర్చిస్తే ఎవరూ మతం మారిపోరు. కుటుంబ నియంత్రణ మీద ఆరవ పౌలు పోపుగారు 1968లో ఇచ్చిన, కృత్రిమ పద్ధతులు వద్దన్న బోధన మాత్రం వేరు. విశ్వాస సంగ్రహంలోని (ఆదివారం పూజలో మనం ఒప్పుకునే) మాటలాంటిది కాదు, అలాగని హాలు అద్దె లాంటిదీ కాదు. అలాంటి బోధనకు మనసునీ బుద్ధినీ లోబరచమని 1983 నాటి శ్రీసభ చట్టం 752వ సూత్రం అడుగుతుంది. అప్పట్లో బాహాటంగా విభేదించిన అమెరికా పండితుడు చార్లెస్ కర్రన్‌కి కతోలిక వేదాంతం (దైవశాస్త్రం) బోధించే అర్హత లేదని 1986లో రోము ప్రకటించింది.

మరి నోరు మూసుకోవాలా? అక్కర్లేదు. 1983 చట్టం 212వ సూత్రం చూడండి. శ్రీసభ మేలు కోసం తమ అభిప్రాయం కాపరులకు చెప్పే హక్కు విశ్వాసులకు ఉంది, ఒక్కోసారి అది బాధ్యత కూడా, తోటి విశ్వాసులకూ చెప్పొచ్చు, కాకపోతే విశ్వాసానికి భంగం రాకుండా, గౌరవం తప్పకుండా. 1990 నాటి రోము పత్రం కూడా వేదాంతికి నిజంగా ఇబ్బంది ఉంటే పెద్దలకు చెప్పమంటుంది, పత్రికలకెక్కి ఒత్తిడి తేవద్దంటుంది. అపొస్తలుడైన పౌలు గారు అంతియోకయలో పేతురు గారిని ముఖం మీదే నిలదీశారు, గలతీయులకు రాసిన లేఖలో ఉంది. పేతురు గారు లేనప్పుడు మైకులో కాదు.

నా పద్ధతి మొరటుది. మైకు ఉన్నచోట ఎదుటివాళ్లు తిరిగి మాట్లాడలేరు కాబట్టి అక్కడ నా విభేదం చెప్పను. చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని గురువు గారి దగ్గరికి వెళ్తాను, పెళ్లికార్డు వెనక పట్టేంతే రాస్తాను, అంతకు మించితే కోపం రాసినట్టే. పూజలో ప్రసంగం ఎలాగూ గురువులదీ డీకన్లదీ (గురువుల కింది మెట్టులో అభిషేకం పొందినవాళ్లు). మనకి జాగరణలు, జపమాలలు, కుటుంబ ప్రార్థనలు చాలు. పూజ ప్రసంగమే 8 నిమిషాలు దాటొద్దని ఫ్రాన్సిస్ పోపుగారు 2024లో అన్నారు, మీరు 5 దాటకండి.

అభ్యాసం (ఈసారి కాస్త కష్టమే): మీరు ఇంతకుముందు చెప్పిన ప్రసంగం ఫోన్లో ఉంటే వినండి. ‘శ్రీసభ’ అన్న ప్రతిచోటా ఆపి, ఏ మెట్టో, ఎక్కడ రాసుందో పక్కన రాయండి. దొరకనివి కొట్టేయండి. మిగిలింది మీతో ఒప్పుకోని ఒక మనిషికి, ఒక్కరికే, ఇంట్లో కూర్చుని చెప్పి, వాళ్లన్నది మధ్యలో అడ్డుపడకుండా విని రాసుకోండి. హాలు అద్దె వద్దు.